పిట్ట వెనక తెల్ల గోడ

పిల్లలూ, ఈసారి నేను చేసిన పొరపాటుతోనే మొదలుపెడతాను. మీ పెద్దవాళ్ళను కూడా చదవమనండి; ఫోనుల్లో బొమ్మలు పంపేది ఎక్కువగా వాళ్ళే గదా!

నేను హెడ్మాస్టరుగా ఉన్న చివరి ఏడు మా బడి పత్రిక వేశాం. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె నీటిరంగులతో లకుముకి పిట్టను వేసింది. డ్రాయింగు మాస్టారు దాన్ని స్కాన్ చేసి, చుట్టూ ఉన్న తెల్లకాగితాన్ని కంప్యూటరులో తీసివేసి, కొమ్మనూ పిట్టనూ మాత్రం మిగిల్చారు. లేత పసుపు పుట. దాని మీద ఏడో తరగతి కుర్రవాడి పద్యం. పద్యం చివరను ఆనుకుని పిట్ట. ముక్కుకూ కొమ్మకూ మధ్య సందులో కుర్రవాడి పేరు. ప్రూఫు చూశాను. ఎంతో ముచ్చటగా ఉంది.

ఆ తరువాత డ్రాయింగు మాస్టారు పిట్ట రంగు కాస్త సరిచేసి కొత్త ఫైలు ఇచ్చారు. దాన్ని నేనే నా ఫోనులోనుంచి, మామూలు ఫోటో పంపినట్టే, అచ్చాఫీసుకు పంపాను. మళ్ళీ ప్రూఫు అడగలేదు. 300 ప్రతులు వచ్చాయి. పసుపు పుట మీద, పిట్ట వెనక ఎవరో తెల్ల గోడ కట్టినట్టుంది! కుర్రవాడు పుట తిప్పి, "మాస్టారూ, నా పేరేదండీ?" అన్నాడు. పేరు ఆ గోడ కింద ఉంది.

ఆ సాయంత్రం వాడూ నేనూ కూర్చుని 300 ప్రతుల్లోనూ ఆ తెల్లచోట వాడి పేరు కలంతో రాశాం. గుండ్రని అక్షరాలున్న ప్రతులు వాడు రాసినవి.

ఇంతకూ, తీసేసిన తెలుపు మళ్ళీ ఎక్కడినుంచి వచ్చింది?

కంప్యూటరులో బొమ్మ అంటే చుక్కల వరసలు. ఒక్కొక్క చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత ఉన్నాయో చెప్పడానికి మూడు అంకెలుంటాయి. ఒక్కొక్కటి 0 నుంచి 255 వరకు ఉండవచ్చు. అడుగున ఉన్నది కనిపించాలంటే నాలుగో అంకె కావాలి. 0 అయితే చుక్క గాజులాంటిది, 255 అయితే అట్టలాంటిది. మధ్యవన్నీ నూనె కాగితాలు. 1970ల చివర అమెరికాలో ఎడ్విన్ కాట్మల్, ఆల్వీ రే స్మిత్ అనే ఇద్దరు ఈ నాలుగో అంకెను బొమ్మతోపాటే దాచే పద్ధతి కనిపెట్టి, దానికి గ్రీకు అక్షరమైన 'ఆల్ఫా' పేరు పెట్టారు.

ఒక లెక్క చేద్దాం. పుటలో ఎరుపు 100, పిట్ట ఈక అంచున ఎరుపు 200, నాలుగో అంకె 51 అనుకోండి. 51 అంటే 255లో ఐదో వంతు. కనుక 200లో ఐదో వంతు 40, 100లో మిగిలిన నాలుగు వంతులు 80, కలిపితే 120. నాలుగో అంకె 204 అయితే ఎంతో మీరే కట్టండి.

జేపెగ్ పద్ధతి ఫోటోల కోసం పుట్టింది. అందులో నాలుగో అంకెకు చోటే లేదు. ఫోటోగా పంపిన బొమ్మను చాలా ఆప్‌లు దారిలోనే జేపెగ్‌గా మార్చేస్తాయి. అప్పుడు ఖాళీచోటును ఏదో ఒక రంగుతో, సాధారణంగా తెలుపుతో, నింపక తప్పదు. ఆ తరువాత ఫైలును పీఎన్‌జీగా మార్చినా పోయిన అంకె తిరిగిరాదు. అదే ఫైలును డాక్యుమెంటుగా పంపి ఉంటే ఉన్నదున్నట్టు చేరేది.

గిఫ్ పద్ధతికి 'ఉంది', 'లేదు' అనే రెండు మాటలే తెలుసు. అందువల్ల ఈకల అంచులు రంపపు పళ్ళలా వస్తాయి. 1996లో వచ్చిన పీఎన్‌జీకి 256 మెట్లున్నాయి. కాని అచ్చులో వాడే నాలుగు సిరాల లెక్క దానికి తెలియదు. అందుకే అచ్చాఫీసువాళ్ళు తరచు పీఎస్‌డీ ఫైలు అడుగుతారు. పుటలు కూర్చే ఇన్‌డిజైన్‌లో ఈ రెండింటినీ 'ప్లేస్' ద్వారా తెచ్చుకోవచ్చు. పీఎస్‌డీ అయితే ఫోటోషాప్‌లో 'బ్యాక్‌గ్రౌండ్' అనే అడుగు పొరను ముందే తీసివేయాలి.

అక్కడ ఖాళీచోటుకు గుర్తుగా బూడిదరంగు గళ్ళు కనిపిస్తాయి. అవి బొమ్మలోవి కావు. ఇంటర్నెట్‌లో కొన్ని బొమ్మలకు ఆ గళ్ళే రంగులుగా అతుక్కుని ఉంటాయి, జాగ్రత్త!

తెల్ల పుట మీద తెల్ల గోడ కనిపించదు. కనుక బొమ్మ కింద ముదురు ఎరుపు పెట్టె ఒకటి గీసి చూడండి. ఎరుపు పిట్ట ఈకలదాకా వస్తే ఫైలు మంచిదే. చూశాక ఆ పెట్టెను తీసేయడం మరచిపోకండి. నేనొకసారి మరచిపోయాను, ఆ కథ ఇంకోసారి.