కచిన్ మట్టి అంత చవకేమీ కాదు

2025 ఏప్రిల్‌లో చైనా ఏడు అరుదైన మృత్తిక లోహాల ఎగుమతిపై ఆంక్షలు పెట్టింది. వాటిలో డిస్ప్రోషియం, టెర్బియం ఉన్నాయి. విద్యుత్ వాహనం మోటారు వేడెక్కినా లోపలి అయస్కాంతం బలం తగ్గకుండా కాపాడేవి ఇవే. కొద్ది వారాల్లోనే మన వాహన పరిశ్రమ గగ్గోలు పెట్టింది. నవంబరులో కేంద్ర మంత్రివర్గం శాశ్వత అయస్కాంతాల తయారీకి రూ.7,280 కోట్ల పథకాన్ని ఆమోదించింది. ఏడాదికి 6,000 టన్నుల సామర్థ్యం దాని లక్ష్యం. మరి లోహం ఎక్కడి నుంచి వస్తుంది?

భీమిలి నుంచి కేరళ దాకా మన తీరపు ఇసుకలో మోనజైట్ ఉంది. కానీ అందులో నియోడిమియం వంటి తేలిక రకాలే ఎక్కువ. భారీ రకాలు తీయదగినంత లేవని ప్రభుత్వమే చెబుతోంది. అందుకే చూపు మయన్మార్‌లోని కచిన్ మీద పడింది. అక్కడి తిరుగుబాటు దళం 2024 అక్టోబరులో చైనా సరిహద్దున ఉన్న పాంగ్వా గనుల ప్రాంతాన్ని స్వాధీనం చేసుకుంది. ఆ దళం సాయంతో ఖనిజ నమూనాలు తెప్పించుకోవడానికి భారత్ ప్రయత్నిస్తోందని 2025 సెప్టెంబరులో రాయిటర్స్ రాసింది.

కచిన్ ఖనిజానికి ఇంత గిరాకీ ఎందుకో తెలియాలంటే మట్టి సంగతి తెలియాలి. మోనజైట్‌లో లోహం స్ఫటికం లోపల బిగిసి ఉంటుంది. గాఢమైన రసాయనాలతో ఉడికిస్తే గానీ వదలదు. పైగా థోరియం బెడద ఉంది. కచిన్‌లోనూ, దక్షిణ చైనాలోనూ పరిస్థితి వేరు. సుదీర్ఘ కాలపు వానకూ వేడికీ గ్రానైట్ కుళ్లి కేయోలినైట్, హాలాయ్‌సైట్ వంటి బంకమన్నుగా మారింది. ఈ ఖనిజాల ఉపరితలం మీద రుణావేశం ఉంటుంది. రాతి నుంచి విడుదలైన ధనావేశ లోహ అయాన్లు వాటిని అంటిపెట్టుకున్నాయి. అంటే అవి మట్టిలో భాగం కాలేదు, దానికి అతుక్కుని ఉన్నాయంతే.

అందువల్ల అమ్మోనియం సల్ఫేట్ ద్రావణం పోస్తే చాలు. అమ్మోనియం అయాన్లు ఆ చోటులోకి చేరి లోహాన్ని బయటికి నెడతాయి. కొండపైన గుంతలు తవ్వి ద్రావణం పోస్తారు, దిగువన మడుగుల్లో పట్టుకుంటారు. 0.1 శాతం లోహం ఉన్న మట్టి కూడా ఇలా లాభసాటి అవుతుంది.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. ఆ ద్రావణం తనకు కావలసిన లోహాన్నే ఎంచుకోదు. సీసం, కాడ్మియం, అల్యూమినియం కూడా కదులుతాయి. మిగిలిన అమ్మోనియం భూగర్భ జలంలో నైట్రేట్‌గా మారుతుంది. నానిన కొండచరియలు జారుతాయి. జియాంగ్షీ రాష్ట్రంలోని గాంజౌ ప్రాంతాన్ని శుభ్రం చేయడానికే 3,800 కోట్ల యువాన్లు కావాలని 2012లో చైనా పరిశ్రమల శాఖ ఉపమంత్రి అన్నారు. చైనా తన గనులను కట్టడి చేశాక ఆ పని సరిహద్దు దాటింది. 2022 నాటికి కచిన్‌లో దాదాపు 300 చోట్ల 2,700కు పైగా మడుగులను ఉపగ్రహ చిత్రాల్లో గ్లోబల్ విట్నెస్ లెక్కపెట్టింది. అక్కడి వాగులు కలిసే న్మాయ్ నది ఐరావతికి మూలం.

ఇప్పుడు భారత్ కూడా అక్కడికే వెళితే చైనా మీద ఆధారపడటం కొంత తగ్గవచ్చు. కానీ కొండను కడిగిన నీటి బాధ్యత ఎవరిది? తనిఖీ చేసే ప్రభుత్వమే లేనిచోట ఆ ప్రశ్న కొనేవాడే అడగాలి. మెగ్నీషియం సల్ఫేట్ వాడితే అమ్మోనియం కాలుష్యం ఉండదు. వాడిన ద్రావణాన్ని తిరిగి పట్టి శుద్ధి చేయవచ్చు. వీటిని కొనుగోలు షరతులుగా పెట్టాలి. ధర పెరుగుతుంది, నిజమే. అసలు ధర అదే మరి. ఇన్నాళ్లూ దాన్ని కచిన్ గ్రామాలు కడుతూ వచ్చాయి.

కీలక ఖనిజాల పునర్వినియోగానికి కేంద్రం ప్రకటించిన రూ.1,500 కోట్ల పథకం కూడా ఉంది. పాత మోటార్లు, హార్డ్ డిస్కుల్లోని అయస్కాంతాలను సేకరించడంతో అది మొదలు కావాలి. వాటి కోసం ఏ కొండనూ కడగనక్కర్లేదు.