కీవర్డ్స్ కుక్కిన చిరునామా ర్యాంకు తేదు

వెబ్ చిరునామాలో ప్రశ్నార్థకం, ఐడీ సంఖ్య ఉంటే గూగుల్ ఆ పేజీని చదవలేదని, రీరైట్ రూల్స్ పెట్టి వాటి స్థానంలో కీవర్డ్స్ కుక్కితే ర్యాంకు పెరుగుతుందని చాలామంది వెబ్ డిజైనర్లు నేటికీ నమ్ముతున్నారు. ఈ నమ్మకంలో మొదటి సగానికి ఎప్పుడో కాలం చెల్లింది. రెండో సగం సైట్లకు చేటు చేస్తోంది.

తొలినాళ్ల సెర్చ్ ఇంజిన్లు అలాంటి చిరునామాల జోలికి వెళ్లడానికి జంకిన మాట నిజం. అయితే ఇలాంటి డైనమిక్ చిరునామాలను చదవగలమని, వాటిని స్టాటిక్‌గా కనిపించేలా మార్చడంలో పొరపాటు జరిగితే నష్టమేనని గూగుల్ 2008లోనే బహిరంగంగా చెప్పింది. చిరునామాలోని పదాలకు ర్యాంకింగ్‌లో ఉన్న ప్రాధాన్యం చాలా స్వల్పమని కూడా ఆ సంస్థ ప్రతినిధులు స్పష్టం చేశారు.

ఆ పొరపాటు ఎక్కడ జరుగుతుందో చూడాలి. అపాచీ సర్వర్‌లో చిరునామాలను ఇలా మార్చే పని చేసేది రాల్ఫ్ ఎంగెల్‌షాల్ 1996లో రాసిన మోడ్_రీరైట్. 'వార్త/214/శీర్షిక' అని ఎవరైనా అడిగితే లోపల 'వార్త.పీహెచ్‌పీ?ఐడీ=214'ను నడపమని ఒక్క వరుస రూలు రాసి, పని అయిపోయిందనుకుంటారు. ఆ రూలు పట్టించుకునేది సంఖ్యను మాత్రమే. శీర్షిక చోట ఏ మాట పెట్టినా అదే పేజీ తెరుచుకుంటుంది, పాత ఐడీ చిరునామా కూడా పనిచేస్తూనే ఉంటుంది. ఒకే వార్తకు లెక్కలేనన్ని చిరునామాలు! సెర్చ్ ఇంజిన్‌కు మేలు జరగకపోగా, వాటిలో అసలుది ఏదో తేల్చుకునే భారం దాని నెత్తిన పడుతుంది. అందుకే మిగతావన్నీ 301తో అసలు చిరునామాకు మళ్లించాలి, పేజీలో కెనానికల్ లింకు పెట్టాలి. మళ్లింపునూ తొందరపడి రాస్తే పాతది కొత్తదానికి, కొత్తది పాతదానికి తిరిగి తిరిగి చివరికి బ్రౌజరు చేతులెత్తేస్తుంది. బ్రౌజరు మొదట పంపిన అభ్యర్థనను మాత్రమే చూసే 'ది_రిక్వెస్ట్' షరతు పెడితే ఆ తిరుగుడు ఆగుతుంది.

శీర్షిక దిద్దినప్పుడల్లా మెరుగైన కీవర్డ్ కోసం చిరునామానూ మార్చేయడం ఇంతకన్నా ఘోరం. మళ్లింపు లేకపోతే పాఠకులు దాచుకున్న లింకులు, వాట్సాప్‌లో పంచుకున్నవి, ఇతర సైట్లు ఇచ్చినవి అన్నీ 404 పాలవుతాయి. మంచి చిరునామా మారకూడదని వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే గట్టిగా వాదించారు.

చదవదగిన చిరునామా వద్దని కాదు, అది ఉండాల్సింది మనిషి కోసం. పాఠకుల భాషలోని పదాలు వాడమని గూగుల్ మార్గదర్శకాలే చెబుతున్నాయి. 'తెలుగు' అన్న చిన్న మాట ఎన్‌కోడ్ అయితే 54 క్యారెక్టర్ల శాతం గుర్తుల వరుస అవుతుంది, కాపీ చేసి పంపితే వికారంగానే ఉంటుంది. అంతమాత్రాన తెలుగును వదులుకోనక్కర్లేదు. తెలుగు వికీపీడియా వ్యాసాల చిరునామాలు తెలుగు లిపిలోనే నడుస్తున్నాయి.

రీరైట్ రూలుకు అసలైన పని వేరే ఉంది. చిరునామాలో 'పీహెచ్‌పీ' అన్న తోక లేకుండా ముందే జాగ్రత్తపడితే, రేపు సైటును మరో ప్రోగ్రామింగ్ భాషలో తిరగరాసినా రూలు కుడివైపు భాగాన్ని మార్చితే చాలు. బయటి చిరునామాను తాకనక్కర్లేదు.