గొంతు మాది, పేరు ఎవరిది?

సాహిత్య చరిత్ర రాస్తమని, ప్రాంతీయ కథలు సేకరిస్తమని ఫ్రీలాన్స్ జర్నలిస్టులు మన వాడలకు వస్తున్నరు. ఒకప్పుడు టేపురికార్డరు తెచ్చేవాళ్లు, ఇప్పుడు సెల్‌ఫోను తెస్తున్నరు. రావద్దని మేమనం. విశ్వవిద్యాలయం గడప దాటని పండితుని కంటే వాడ గడప తొక్కిన విలేకరి నయం. కానీ ఏం తీసుకపోతున్నరు, తిరిగి ఏమిస్తున్నరు? ఆ లెక్కే అడుగుతున్నం.

డక్కలివాళ్లు పటం విప్పి మాదిగలకు జాంబపురాణం చెప్తరు. భూమి కంటే ముందే పుట్టినోడు జాంబవంతుడని చెప్తరు. చిందోళ్లు గోసంగి వేషం కట్టి బాపనాయనతో వాదానికి దిగుతరు. నువ్వు పెద్దనా, నేను పెద్దనా అని నలుగురి ముందు తేల్చుకునే పురాణం ఇది. పత్రికకెక్కేసరికి ఏమైతంది? "అంతరించిపోతున్న జానపద కళ" అయితంది! వాదం పోతది, వేషం ఫొటో మిగుల్తది. చెప్పిన ముసలాయన "ఒక వృద్ధ కళాకారుడు". రాసినాయన మాత్రం ఇంటిపేరుతో సహా అచ్చయితడు. జానపదానికి కర్త ఉండడట. కర్త లేక కాదు, పేరు అడిగినోడు లేక!

తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చిండు. ఆయనా పత్రికా రచయితే. పేర్లు వరుసబెట్టి ఎదుటివాళ్ల నోరు మూయించిండు. గొప్ప పని. అంతకు మూడేళ్ల ముందు, 1931లో, అదే హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 'వెట్టి మాదిగ' రాసిండు. సాహిత్య చరిత్రలు చాలా ఏళ్లు దాని ఊసెత్తలేదు. గరిమెళ్ల 'మాకొద్దీ తెల్లదొరతనము' బడిపిల్లలకు తెలుసు. ఆ రోజుల్లోనే రాజమండ్రిలో కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనము' అని నిలదీసిండు. అది ఎందరికి తెలుసు? ప్రాంతానికి జరిగిన అన్యాయం చూసిన కంటికి వాడకు జరిగింది ఆనదా?

విలేకరి పొట్ట మీద మాకు కోపం లేదు. చాలామందికి దక్కేది లైన్ అకౌంటే. ఎన్ని లైన్లు అచ్చయితే అన్ని పైసలు. వాళ్లలో మన పిల్లలూ ఉన్నరు. తమ్ముడూ, కూలి గిట్టకుంటే యజమానితో కొట్లాడు, మేమూ నీ వెంట వస్తం. చెప్పినోళ్ల పేరు మాత్రం మింగకు.

ఇది కాని పనేం కాదు. 2005లో కన్నుమూసిన నిజామాబాదు జిల్లా చిందుల ఎల్లమ్మ బతుకు కథ ఆమె పేరుతోనే, ఆమె చెప్పిన తీరుగానే పుస్తకమైంది.

ఊరూరి సంఘాలు ఈ మాటలు ముందే తేల్చుకోవాలె:

ఒకటి. చెప్పినోళ్ల పేరు, ఊరు వాళ్లకు ఇష్టమైన తీరుగా రాసినవాని పేరు పక్కనే పడాలె.

రెండు. రికార్డు చేసిన దాని కాపీ ఒకటి వాడలోనే ఉండాలె. అచ్చయింది చెప్పినోళ్లకు చదివి వినిపించాలె.

మూడు. పుస్తకమై పైసలొస్తే వాటా ఇయ్యాలె.

నాలుగు. కథల తిట్టుంటే తిట్టు, వాదముంటే వాదం ఉన్నదున్నట్టు రావాలె.

అన్నిటికంటే ముందు, చదువుకున్న మన పిల్లలు నోటుబుక్కులు పట్టుకొని ముసలోళ్ల పక్కన కూసోవాలె. ఎవరో వచ్చి రాసేదాకా ఆగితే కథ వాళ్లదైతది, మనం అందులో బొమ్మలమైతం. మన పెద్దల పేర్లు మన చేత్తోనే రాసుకుందాం. ఈ పక్షంలోనే మొదలుపెడదాం!