ఈ గొంతు ఎవరిది?

శుక్రవారం సాయంత్రం ఏడు గంటలు. గచ్చిబౌలి నుంచి ఇంటికి బయల్దేరితే బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గరే క్యాబ్ ఆగిపోయి పావుగంటైంది. ఫోన్ తీస్తే స్టోరేజ్ నిండిపోయిందని ఒకటే గోల. ఎలాగూ ఖాళీయే కదా అని పాత ఫైళ్లు డిలీట్ చేస్తూ కూర్చున్నా. స్క్రీన్‌షాట్లు, గుడ్ మార్నింగ్ బొమ్మలు, ఎప్పటివో కరెంటు బిల్లులు... వాటి మధ్య ఒక ఆడియో ఫైలు. పేరు లేదు, అన్నీ అంకెలే. నొక్కితే ఓ ముసలావిడ గొంతు. పెళ్లిలో తలంబ్రాలప్పుడు పాడే పాట. రెండు నిమిషాల పది సెకన్లు. వెనకాల కుక్కర్ విజిల్, ఎవరో పిల్లాడి ఏడుపు.

ఎవరిదీ గొంతు? ఇంటి గ్రూపులో పెట్టా.

"ఇంకెవరు, మా అమ్మే" అంది అమ్మ.

"కాదక్కా, అమ్మ ఇంత పైకి పాడేది కాదు. ఇది పెద్దమ్మ గొంతే" అంది పిన్ని.

మామయ్య ఒక నమస్కారం ఇమోజీ పెట్టి ఊరుకున్నాడు. తేల్చి చెప్పగలిగిన అమ్మమ్మ, పెద్ద అమ్మమ్మ ఇద్దరూ ఇప్పుడు లేరు. పాట ఉంది, పాడిన మనిషి పేరు పోయింది.

ఆ ఫైలు డిలీట్ చెయ్యలేదు. కానీ అప్పట్నుంచి నాకు ఓ మేనల్లుడి కథ గుర్తొస్తూనే ఉంది. మన ఊరి మేనల్లుడు కాదు, పారిస్ మేనల్లుడు.

యూరోవిజన్ పాటల పోటీ క్లిప్పులు మీలో చాలామంది చూసే ఉంటారు. ప్రసారం మొదలయ్యే ముందు బాకాలు, డోళ్లతో రాజుగారు వస్తున్నారా అన్నట్టు ఓ ట్యూన్ వస్తుంది. 1954 నుంచి యూరోవిజన్ ప్రసారాలకి అదే గుర్తు. అది రాసిన ఆయన పేరు మార్క్ ఆంత్వాన్ షార్పాంతియే. పద్నాలుగో లూయీ కాలం వాడు. 1643లో పుట్టాడు, 1704లో పోయాడు. చర్చిలో పాడే 'తె దేయుం' అనే స్తోత్రానికి ఆయన కట్టిన సంగీతంలో మొదటి ముక్క అది.

బతికున్నప్పుడు ఆయన రాసినదాంట్లో అచ్చయింది చాలా తక్కువ. ఆ రోజుల్లో ఒపేరా మీద గుత్తాధికారం అంతా రాజుగారికి ఇష్టుడైన లుల్లీ చేతిలో ఉండేది. షార్పాంతియే పోయాక ఆయన స్వహస్తంతో రాసుకున్న పుస్తకాలన్నీ మేనల్లుడు జాక్ ఎదువార్ చేతికొచ్చాయి. ఎదువార్ పుస్తకాల వ్యాపారి. 1709లో మామయ్య పాటలు కొన్ని అచ్చేయించాడు, అవి పెద్దగా అమ్ముడుపోలేదు. మరొకరైతే చిత్తు కాగితాల కింద తూకానికి వేసేవాళ్లే. ఆయన అలా చెయ్యలేదు. 1727లో మొత్తం మూటని రాజుగారి లైబ్రరీకి అమ్మేశాడు. అవే ఇప్పుడు ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో 28 సంపుటాలుగా ఉన్నాయి.

ఆ తర్వాత రెండు శతాబ్దాలకు పైగా ఆ పుస్తకాల్లో చాలా భాగం నిద్రలోనే ఉంది. 1953లో కార్ల్ ద నీస్ అనే సంగీత పరిశోధకుడు ఈ 'తె దేయుం'ని బయటికి తీశాడు. మరుసటేడు అది టీవీకెక్కింది. 1727లో మేనల్లుడు ఒక మంచి పని చెయ్యకపోతే 1954లో ఆ ట్యూన్ లేదు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. షార్పాంతియే తన నోటుపుస్తకాలకి నంబర్లు వేసుకున్నాడు. ఒక వరసకి మామూలు అంకెలు, ఇంకో వరసకి రోమన్ అంకెలు. ఏ రచన ఏ ఏడాదిదో చాలాచోట్ల ఆయన రాయలేదు. కానీ ఆ నంబర్ల వరస, కాగితంలోని నీటిగుర్తులు, చేతిరాతలో వచ్చిన మార్పులు పక్కపక్కన పెట్టి చూసి పరిశోధకులు తేదీలు ఊహించగలిగారు. వైలీ హిచ్‌కాక్ అనే అమెరికన్ పండితుడు 1982లో మొత్తం రచనలకి కేటలాగు వేశాడు. అందులో మన యూరోవిజన్ 'తె దేయుం' నంబరు 146. సంగీత చరిత్ర పరిశోధన అంటే ఏదో పెద్ద మాటలా వినిపిస్తుంది గానీ, అందులో సగం పని ఇదే. ఇది ఎవరిది, ఎప్పటిది, ఎవరి చేతి మీదుగా వచ్చింది అని అడగడం.

ఫ్రాన్స్‌లో దాచడం అనేది ఒక్క మేనల్లుడి మంచితనం మీద ఆగిపోలేదు. అచ్చయిన ప్రతి పుస్తకం కాపీ ఒకటి రాజుగారి లైబ్రరీకి ఇవ్వాలని మొదటి ఫ్రాన్స్వా 1537లోనే రూలు పెట్టాడు. గ్రామఫోన్ రికార్డులు దాచడానికి 1938లో విడిగా జాతీయ సంస్థే పెట్టారు. 1795లో మొదలైన పారిస్ సంగీత కళాశాలకి పెద్ద లైబ్రరీ ఉండేది. దానికి 19వ శతాబ్దంలో లైబ్రేరియన్‌గా పనిచేసింది ఎవరో తెలుసా? ప్రఖ్యాత స్వరకర్త బెర్లియోజ్! 1942లో జాతీయ గ్రంథాలయంలో సంగీతానికి ప్రత్యేక విభాగమే వచ్చింది. 1997 నుంచి 'గాలికా' అనే సైటు ఉంది. క్యాబ్‌లో కూర్చుని మీ ఫోన్‌లోనే ఆ పాత స్వరప్రతులు తిరగెయ్యొచ్చు, పైసా ఖర్చు లేదు.

అభిమానుల పాత్ర కూడా తక్కువేం కాదు. రామో అనే మహా స్వరకర్త చివరి ఒపేరా 'లే బొరేయాద్'. 1763లో రిహార్సల్ దాకా వచ్చి ఆగిపోయింది. మరుసటేడు రామో పోయాడు. ఆయనంటే పిచ్చి అభిమానం ఉన్న దెక్రువా అనే ఆయన రామో రచనలన్నీ వెతికి వెతికి పోగేశాడు. ఆయన వారసులు 1843లో ఆ సేకరణని జాతీయ గ్రంథాలయానికి ఇచ్చేశారు. బొరేయాద్‌ని పూర్తిగా రంగస్థలం మీద చూడ్డానికి జనం 1982 దాకా ఆగాల్సి వచ్చింది. 219 ఏళ్లు! ఆలస్యమైతే అయింది, ఆట మాత్రం పడింది.

"అంతా బానే ఉంది, మనకేంటి సంబంధం?" అంటారా? ఉంది. మారిస్ దెలాజ్ అనే ఫ్రెంచి స్వరకర్త 1912 ప్రాంతంలో మన దేశం చూడ్డానికొచ్చాడు. మన గ్రామఫోన్ రికార్డులు విని మైమరచిపోయాడు. కోయంబత్తూర్ తాయి అనే గొప్ప గాయని పాడిన ఒక రికార్డు ఆధారంగా 'రాగమాలిక' అని గొంతుకీ పియానోకీ ఓ రచన చేశాడు. మన వాద్యాల నాదం రావాలని పియానో తీగ కింద అట్టముక్క పెట్టమన్నాడు! చాలా ఏళ్ల తర్వాత జాన్ పాస్లర్ అనే సంగీత చరిత్రకారిణి ఆ రచననీ, ఆ రికార్డునీ పక్కపక్కన పెట్టి ఎక్కణ్నుంచి ఏది వచ్చిందో చూపించింది. ఎలా కుదిరింది? పారిస్‌లో స్వరప్రతి మిగిలింది. ఇటువైపు రికార్డు మిగిలింది, దాని మీద గాయని పేరు మిగిలింది. లేబుల్ లేకపోతే కోయంబత్తూర్ తాయి కూడా 'ఎవరో దక్షిణాది గాయని' అయ్యుండేది. మా ఇంటి ఆడియో ఫైలు లాగే.

ఇక మన దగ్గరికొద్దాం. ఫ్రాన్స్‌లో షార్పాంతియే పుట్టడానికి రెండు వందల ఏళ్ల ముందే మనకొక కవి ఉన్నాడు, తాళ్లపాక అన్నమయ్య. 1408 నుంచి 1503 దాకా బతికాడు. అక్కడ మేనల్లుడు మూట అమ్మితే, ఇక్కడ కొడుకు పెద తిరుమలాచార్యులు తండ్రి పాటల్ని రాగిరేకుల మీద చెక్కించాడు. వాటిని తిరుమల గుళ్లోనే ఒక అరలో పెట్టారు. దాని పేరు సంకీర్తన భాండాగారం. ఆలోచించండి, అది అచ్చంగా సంగీత లైబ్రరీయే! ఆ అర ఏ కాలంలో మరుగున పడిందో గానీ, 1922లో ఆ రేకులు మళ్లీ వెలుగులోకి వచ్చాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పెద్దలు ఏళ్ల తరబడి కూర్చుని వాటిని చదివి, పరిష్కరించి అచ్చుకెక్కించారు. తాళ్లపాక వాళ్లవి అన్నీ కలిపి వేల పాటలు దక్కాయి.

కానీ ఒక్కటి దక్కలేదు. ఆ రేకుల మీద పాటకి ముందు రాగం పేరుంది, స్వరాలు లేవు. అన్నమయ్య ఆ పాటని ఎలా పాడాడో తెలీదు. ఇవాళ మీ ప్లేలిస్టులో ఉన్న అన్నమయ్య పాటల బాణీలు ఎక్కువభాగం రాళ్లపల్లి, నేదునూరి కృష్ణమూర్తి లాంటి మన కాలపు విద్వాంసులు కట్టినవే. అద్భుతమైనవే, అందులో సందేహం లేదు. కానీ అవి అన్నమయ్య బాణీలు కావు. షార్పాంతియే విషయంలో స్వరమూ మిగిలింది, మాటా మిగిలింది. మనకి మాట మిగిలింది, స్వరం గాల్లో కలిసిపోయింది.

అంటే మనవాళ్లకి తెలివి లేదనా? కాదు. మన సంగీతం ఒక నోటి నుంచి ఇంకో చెవికి వెళ్లేది. గురువు పాడితే శిష్యుడు పట్టుకునేవాడు. ఆ గొలుసు తెగనంతకాలం కాగితం అవసరం రాలేదు. అన్నమయ్య విషయంలో గొలుసు తెగింది. అది తెగుతుందన్న భయంతోనే ముత్తుస్వామి దీక్షితుల వంశంలోని సుబ్బరామ దీక్షితులు 1904లో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అచ్చేయించాడు. గమకాలకి గుర్తులతో సహా స్వరపరిచిన మహా గ్రంథం. తమిళనాడులోని ఎట్టయపురంలో అచ్చయింది, అయినా లిపి మాత్రం మన తెలుగే!

ఇప్పుడు గొలుసు మళ్లీ తెగుతోంది. ఈసారి తెగుతున్నది కచేరీ సంగీతం కాదు. దానికి టీచర్లున్నారు, యూట్యూబ్ ఉంది. తెగుతున్నది ఇంట్లో పాట. దంపుడు పాట, లాలిపాట, అప్పగింతల పాట, బతుకమ్మ పాటల్లో ఊరికొక వరస. వీటికి రాగిరేకులు లేవు. మన దేశంలో 1954 నాటి చట్టం ప్రకారం అచ్చయిన పుస్తకం కాపీలు కొన్ని పెద్ద గ్రంథాలయాలకి ఇవ్వాలి. ఆ చట్టంలో రికార్డుల ఊసు లేదు. అందుకే మన నాటక పద్యాల పాత గ్రామఫోన్ రికార్డులు ఎక్కువగా ఎవరో ఒక అభిమాని ఇంటి అటక మీదే బతుకుతున్నాయి. మన దెక్రువాలు వాళ్లే.

కానీ ఈ గచ్చిబౌలిలోనే ఇంకో కథ కూడా జరిగింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి పది లక్షల పుస్తకాలు స్కాన్ చేద్దామని కలగన్నారు. ఆ పనికి ఒక పెద్ద కేంద్రం మన ట్రిపుల్ ఐటీలోనే నడిచింది. అప్పుడు స్కాన్ అయిన తెలుగు పుస్తకాలు బోలెడు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. పుస్తకాల విషయంలో జరిగిన పని గొంతుల విషయంలో జరగలేదు. అది మాత్రం ఏ కేంద్రమూ మన ఇంటికొచ్చి చెయ్యదు. మెషీను మన జేబులోనే ఉంది.

అందుకే ఈ వారం ఒక చిన్న హోంవర్క్. ఈసారి ఊరెళ్లినప్పుడు ఇంట్లో పెద్దవాళ్లతో ఒక్క పాట పాడించి రికార్డ్ చెయ్యండి. నొక్కిన వెంటనే పాట వద్దు. ముందు వాళ్ల చేతే పేరు, ఊరు, ఈ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఎప్పుడు పాడేవాళ్లో చెప్పించండి. ఆ రోజు తేదీ మీరు చెప్పండి. లేబుల్ కాగితం పోవచ్చు, ఫైలు పేరు మారిపోవచ్చు, గొంతులోనే ఉన్న లేబుల్ ఊడిపోదు. తర్వాత ఫైలుకి సరైన పేరు పెట్టి కనీసం ముగ్గురికి పంపండి. ఒక ఫోన్ పోతే ఇంకో ఫోన్‌లో ఉంటుంది.

నా సంగతా? ఆ ఫైలు పేరు మార్చాను. 'తలంబ్రాల పాట, అమ్మమ్మ లేదా పెద్ద అమ్మమ్మ' అని పెట్టాను. ఆ 'లేదా' చూస్తే కష్టంగానే ఉంటుంది. కానీ తెలియనిది తెలిసినట్టు రాయకూడదు కదా. ఆదివారం పిన్నికి ఫోన్ చేశాను. ఆ పాటలో మిగతా చరణాలు ఆవిడకి వచ్చట! "నా గొంతేం బాగుంటుందిరా" అని పావుగంట బెట్టు చేసి, చివరికి పాడింది.

పాడే ముందు పేరు చెప్పమన్నాను. "నా పేరు నీకు తెలీదా?" అని నవ్వింది. ఆ నవ్వు కూడా రికార్డయింది.