భాష దాచి చందా వసూళ్లు

జపాన్ యానిమే చిత్రం ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాసిల్’ 2025 సెప్టెంబర్ 12న మన దేశంలో విడుదలైనప్పుడు హిందీ, తమిళంతో పాటు తెలుగులోనూ థియేటర్లకు వచ్చింది. అదే ఏడాది జనవరి 24న ‘రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’ కూడా తెలుగు సంభాషణలతో విడుదలైంది. జపాన్‌లో రూపొందిన ఆ చిత్రం మన దేశంలో తొలిసారి తెరమీదికొచ్చింది 1993లో. తెలుగులో యానిమే ఎవరు చూస్తారన్న ప్రశ్నకు ఈ విడుదలలతో కాలం చెల్లింది. అయినా స్ట్రీమింగ్ వేదికల్లో ఏ చిత్రం ఏ భాషలో వస్తుందో, ఎన్నాళ్లు ఉంటుందో చందా కట్టించుకునే ముందు చెప్పాలన్న బాధ్యత మాత్రం ఎవరికీ పట్టడం లేదు.

హైదరాబాద్, విజయవాడల కంటే తమిళనాడులోని వేలూరు, గుడియాత్తం తెలుగువారికే ఈ నిర్లక్ష్యం దెబ్బ గట్టిగా తగులుతోంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు, పలమనేరు, వేలూరు, గుడియాత్తం అన్నీ ఉత్తర ఆర్కాటు జిల్లావే, దానికి కేంద్రం చిత్తూరే. జిల్లాలు వేరయ్యాయి, ఆపై రాష్ట్రాలూ వేరయ్యాయి, ఇళ్లలో మాట మాత్రం మారలేదు. తమిళనాడులో థియేటరు తమిళ డబ్బింగునే వేసుకుంటే తప్పుపట్టలేం, అక్కడి వ్యాపారం అది. స్ట్రీమింగుకు ఆ అడ్డు లేదు. పలమనేరులో వినిపించే తెలుగు గుడియాత్తంలోని ఫోనులోనూ వినిపించవచ్చు. ఆడియో జాబితాలో తెలుగు ఉండాలి, అంతే. అది లేకపోతే సరిహద్దుకు తమిళనాడు వైపున్నవారికి మరో దారి లేదు.

సబ్‌టైటిల్స్ ఉన్నాయి కదా అన్నది ఈ ప్రాంతపు స్థితిగతులు తెలియక అంటున్న మాట. గుడియాత్తం చుట్టుపక్కల ఎన్నో తెలుగు ఇళ్లలో పిల్లలు అమ్మమ్మతో తెలుగులోనే మాట్లాడతారు, బడిలో తమిళం చదువుతారు, తెలుగు అక్షరాలు గుర్తుపట్టలేరు. వారికి తెలుగు చేరాలంటే చెవి ద్వారానే చేరాలి. తమిళం వారికి పరాయి భాష కాదు, నిజమే. కానీ కాట్పాడిలోని విఐటి విశ్వవిద్యాలయ హాస్టళ్లలో ఉంటున్న ఆంధ్ర, తెలంగాణ విద్యార్థుల్లో చాలామందికి తమిళం కొత్త. ఏ భాషలో వినాలన్నది ప్రేక్షకుడు తేల్చుకోవలసిన విషయం, హక్కుల ఒప్పందం రాసుకున్నవారు తేల్చేది కాదు.

హక్కుల పంపకం ఎంత దూరం పోతుందో తెలియాలంటే జపాన్ యానిమే స్టూడియో గిబ్లీ చిత్రాల ఉదంతం చూస్తే చాలు. 2020 ఫిబ్రవరి నుంచి మూడు విడతల్లో 21 గిబ్లీ చిత్రాలను నెట్‌ఫ్లిక్స్ ప్రపంచానికి అందించింది, అమెరికా, కెనడా, జపాన్‌లకు తప్ప. ఇసావో తకహతా 1988లో తీసిన ‘గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్’ ఆ మూటలో లేదు. దాని హక్కులు షించోషా అనే ప్రచురణ సంస్థవి కావడమే కారణం. 2024 సెప్టెంబర్‌లో గానీ అది నెట్‌ఫ్లిక్స్‌కు రాలేదు. ఆ చిత్రంలో యుద్ధంలో తల్లిని పోగొట్టుకున్న పిల్లవాడు, ఖాళీ అయిన మిఠాయి డబ్బాలో నీళ్లుపోసి ఆ మిగిలిన తీపిని చెల్లెలికి తాగిస్తాడు. తెలుగు ఆడియో లేక, ఆ క్షణాన పాప ముఖం మీద ఉండాల్సిన చూపు కింది అక్షరాల వెంట పరుగెత్తితే, సినిమా సగమే అందినట్లు. దర్శకుడు దాచుకోని దాన్ని మధ్యవారు దాచారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్నది ఇలాంటివారిని చూసి పుట్టిన సామెతే.

మన సినిమాకూ ఈ గతి పట్టింది. 2022 మే 20న ‘ఆర్ఆర్ఆర్’ తెలుగు మాటలు జీ5కి వెళ్లాయి, నెట్‌ఫ్లిక్స్‌కు హిందీ వెళ్లింది. విదేశాల్లో ఎందరో ఆ చిత్ర కథానాయకులు రామరాజును, భీమ్‌ను హిందీలోనే విన్నారు. ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చేనాటికి కూడా అంతే.

ఇంతకన్నా ఆందోళనకరమైనది ఫ్యునిమేషన్ వ్యవహారం. సోనీ చేతిలోని ఆ యానిమే స్ట్రీమింగ్ సేవను క్రంచీరోల్ అనే మరో సేవలో కలిపేసి 2024 ఏప్రిల్ 2న మూసివేశారు. డిస్కులు కొన్నవారికి వాటితో పాటు దక్కిన డిజిటల్ కాపీలు కొత్త చోటికి రాలేదు. డబ్బిచ్చి కొన్నదానికే దిక్కు లేకపోతే, నెలనెలా అద్దె కట్టేవారికి హామీ ఎక్కడిది? ఒకచోట ఇది చెల్లుబాటైతే రేపు ప్రతి దేశంలోనూ చెల్లుతుంది.

దొంగ కాపీల విషయంలో చట్టం గట్టిగానే ఉంది: 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం పైరసీకి మూడు నెలల నుంచి మూడేళ్ల జైలు విధిస్తోంది. దాన్ని సమర్థిస్తున్నాం. కళాకారుల కష్టార్జితాన్ని దోచుకునేవారిని ఉపేక్షించకూడదు. కానీ దొంగ దారి మూసినవారు రాచబాట తెరవాలి కదా. 2021 ఐటీ నియమాలు ప్రతి చిత్రానికీ వయసు వర్గీకరణ చూపాలన్నాయి. భాష గురించి, లభ్యత గడువు గురించి అలాంటి నిబంధన లేదు. థియేటర్ కోసం చేయించిన తెలుగు డబ్బింగును స్ట్రీమింగుకూ ఇచ్చి తీరాలన్న నియమమూ లేదు. డబ్బింగు ఖర్చు భారమన్న వాదన కొత్త చిత్రాలకు కొంతవరకు వర్తిస్తుంది. ఖర్చు ఇప్పటికే పెట్టిన చిత్రాలకు అది సాకు మాత్రమే.

సమాచార ప్రసార శాఖ ఆ నియమాలను సవరించాలి. చందా తీసుకునే ముందే ప్రతి చిత్రానికీ ఆడియో భాషలు, గడువు తేదీ కనిపించాలి. థియేటర్‌లో తెలుగులో ఆడిన ప్రతి యానిమే చిత్రమూ స్ట్రీమింగుకు వచ్చిన రోజునే, ఏ రాష్ట్రంలో ఉన్న చందాదారుకైనా తెలుగులో అందాలి. సోనీ, నెట్‌ఫ్లిక్స్‌లకు ఇందులో సాంకేతికంగా అసాధ్యమైనది ఏదీ లేదు.