పాండా హిసాబ్ ఎవరు రాయాలి?

ఆట తగ్గిపోయింది గానీ మైదాన్‌లో మజా మాత్రం తగ్గని పాత ఆటగాణ్ని టీములో ఉంచాలా, సాగనంపాలా? బేస్‌బాల్ అభిమానుల మధ్య ఎన్నేళ్లయినా తెగని ఝగడా ఇది. శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ అభిమానులకైతే ఆ ఝగడా పేరు పాబ్లో సాండోవాల్. వెనెజులా బిడ్డ. థర్డ్ బేస్ దగ్గర కాపలా. భారీ ఒళ్లు, చిన్నపిల్లాడి నవ్వు. ముద్దుపేరు కుంగ్ ఫూ పాండా. స్టేడియంలో జనం పాండా టోపీలు పెట్టుకుని కూర్చునేవాళ్లు.

'బేకార్ మనిషి, సర్కస్ జోకర్, ఒక జాగా వేస్ట్' అన్నవాళ్లతోనే నా పేచీ.

ముందు వాళ్ల సచ్చాయి ఒప్పుకుందాం. 2012 వరల్డ్ సిరీస్ మొదటి ఆటలోనే మూడు హోమ్ రన్‌లు కొట్టిన పాండా వేరు, 2017లో తిరిగొచ్చిన పాండా వేరు. మధ్యలో బోస్టన్ రెడ్ సాక్స్ 5 ఏళ్లకు 95 మిలియన్ డాలర్లిచ్చి తీసుకెళ్లింది. పోతూ పోతూ పాత టీము మీద చేదు మాటలూ అన్నాడు. బోస్టన్‌లో బ్యాటు మూగబోయింది, భుజానికి ఆపరేషన్ అయింది. 2016లో ఆడింది మూడే ఆటలు. ఒకసారి బ్యాటు ఊపుతుంటే బెల్టు తెగింది. ఇక చూస్కోండి, లోకమంతా ఆ పొట్ట మీదే పడింది. 2017 జులైలో బోస్టన్ వదిలేసింది.

ఇప్పుడు సవాల్ అడుగుతా. ఆ కాగితం మీద దస్తఖత్ చేసినప్పుడు సేఠ్‌లకు కళ్లు లేవా? ఆ ఒళ్లు నిన్న మొన్న వచ్చిందా? సౌదా తప్పిందంటే తప్పు సౌదాగర్‌ది. గాలీలు మాత్రం పనిచేసేవాడి ఒంటికి. ఇదేం ఇన్సాఫ్?

'జెయింట్స్ పైసలు తగలేసింది' అనేవాళ్లు కాస్త హిసాబ్ నేర్చుకోండి. ఆ పెద్ద జీతం బోస్టన్ ఖాతాలోదే. 2019 దాకా జెయింట్స్ ఇచ్చింది లీగ్‌లో అందరికన్నా తక్కువ జీతమే. ఇంకొకరి హక్కు లాక్కున్నాడా? అదీ లేదు. 2018కల్లా ఇవాన్ లాంగోరియాను తెచ్చి థర్డ్ బేస్ అప్పజెప్పారు. పాండా బెంచీ మీది మనిషి, పిలిచినప్పుడు లేచేవాడు.

పిలిస్తే ఏం చేశాడు? 2018 ఏప్రిల్‌లో డాడ్జర్స్ చేతిలో చిత్తవుతున్న ఆటలో బంతి ఇచ్చి 'నువ్వేయ్' అన్నారు. మన క్రికెట్‌లో వికెట్ కీపర్ ప్యాడ్లు విప్పి బౌలింగ్‌కి రావడం లాంటిదన్నమాట. ముగ్గురొచ్చారు, ముగ్గురూ ఔట్. 2019 మేలో సిన్సినాటిలో ఒకే ఆటలో హోమ్ రన్ కొట్టాడు, బేస్ దొంగిలించాడు, పరుగివ్వకుండా ఒక ఇన్నింగ్ బంతులేశాడు. ఆ మూడూ ఒకే ఆటలో చేసినవాడు అంతకుముందు 1905లో క్రిస్టీ మాథ్యూసన్. ఆ ఆటా జెయింట్స్ ఓడిపోయింది మరి! 2018లో 89 ఓటములు, 2019లో 85. అన్ని ఓటములు చూడ్డానికి టికెట్ కొనుక్కుని వచ్చిన గరీబ్ అభిమాని ఇంటికి ఏం పట్టుకెళ్లాలి? సగటు లెక్కల కాగితమా?

2020లో మాత్రం అతని సగటు .220కి పడిపోయింది. సెప్టెంబరులో పంపేశారు. ఆ ఫైసలా గలత్ అనను. మరుసటేడు వాళ్లు 107 ఆటలు గెలిచారు కూడా. గెలిచే తాఖత్ ఉన్న టీము బెంచీ మీది ప్రతి జాగానూ గెలుపు కోసమే వాడుకోవాలి, అది దాని ధర్మం. కానీ ఆ ఏడు కరోనా వల్ల స్టేడియం ఖాళీ, సీట్లలో అట్ట బొమ్మలు. నవ్వించేవాడికి నవ్వేవాళ్లే లేరు. అతని ఖీమత్‌లో సగం జనంలో ఉండేదని అంతకంటే సబూత్ కావాలా?

రన్నుల హిసాబ్ మీరు రాసుకోండి, అభ్యంతరం లేదు. పంపాల్సి వస్తే పంపండి. కానీ మజా తీసుకుని, తాళీలు కొట్టి, అదే నోటితో ఒంటిని ఎగతాళి చేసి జోకర్ అనకండి. జీతం తీసుకున్నాడు, పని చేశాడు. ఇజ్జత్ కూడా అతని బాకీయే. అది చెల్లించాల్సింది మనమే.