గళ్లు చెరిపిన బొమ్మలు

మామిడి కోతల కాలంలో మా రెడ్డిగూడెం వెళ్లినప్పుడు, ఎనిమిదో తరగతి చదివే మా అన్న కూతురి చేతిలో ‘భీమాయన’ ఇంగ్లీషు ప్రతి పెట్టాను. మాటలన్నీ అర్థం కాలేదు. కానీ బడిలో దాహంతో నిలబడిన బాల అంబేడ్కర్ బొమ్మ దగ్గర ఆగి, ‘బాబాయ్, వీళ్ల మాటలకు తేలు కొండి ఎందుకుంది?’ అని అడిగింది. నేను చెప్పేలోపు జవాబూ తనే చెప్పింది: ‘కుడతాయిగా!’

2011లో నవయాన ప్రచురించిన ఈ గ్రాఫిక్ నవల బలం అక్కడే ఉంది. శ్రీవిద్య నటరాజన్, ఎస్. ఆనంద్ రచనకు పర్ధాన్ గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ బొమ్మలు వేశారు. కుట్టే మాటకు తేలు కొండి, మెత్తని మాటకు పక్షి ఆకారం ఇచ్చారు. కామిక్స్‌కు అలవాటైన చతురస్రపు గళ్లలో మనుషులను బంధించడానికి వారు ఒప్పుకోలేదు. మనుషులను పుట్టుకతోనే గళ్లలో కూర్చోబెట్టేది కులం. ఆ కథను గళ్లు లేకుండా చెప్పడం అలంకారం కాదు, రాజకీయ నిర్ణయం.

అమర్ చిత్ర కథ సైతం 1979లో అంబేడ్కర్ జీవితాన్ని బొమ్మల్లో చెప్పింది. అయితే అది మహాపురుషుడి విజయగాథ. ‘భీమాయన’ మాత్రం బస్టాపులో రిజర్వేషన్లపై నేటి సణుగుడుతో మొదలై, ఖైర్లాంజీ దాకా వస్తుంది. అంటరానితనం గతించిన కథ కాదంటుంది. లోపమూ ఉంది: అవమానితుడైన అంబేడ్కర్ కనిపించినంతగా సిద్ధాంతకర్త అంబేడ్కర్ కనిపించడు. ఫూలే ‘గులాంగిరీ’ (1873) ఆధారంగా శ్రీవిద్య, అపరాజిత నినాన్ అదే ఏడాది తెచ్చిన ‘ఎ గార్డెనర్ ఇన్ ది వేస్ట్‌ల్యాండ్’ ఆ సిద్ధాంత చర్చకు ఎక్కువ చోటిచ్చింది.

మరి తెలుగులో? బొమ్మలతో కథ చెప్పడం మనకు పరాయి విద్య కాదు. భూమి పుట్టకముందే పుట్టిన ఆది జాంబవుడి పురాణాన్ని డక్కలివారు పటం విప్పి మాదిగలకు చెబుతూ వచ్చారు. అలాంటి పటాలు గీసిన చేర్యాల నకాషీ కళ నేడు డ్రాయింగు రూముల గోడలకు చేరింది. కథ చెప్పేవాడు బయటే ఉండిపోయాడు. 1947లో మొదలైన ‘చందమామ’ తరతరాల పిల్లలకు రాజులను, జమీందార్లను చూపింది. మా పేట పిల్లలకు అందులో తమ ముఖం దొరకలేదు. గోగు శ్యామల, జూపాక సుభద్ర వంటి వారి కథలతో అన్వేషి తెచ్చిన ‘డిఫరెంట్ టేల్స్’ ఒక దారి చూపింది. ఆ దారిలో నడిచినవారు తక్కువ.

అంబేడ్కర్‌ను బొమ్మలో చూపితే సరిపోదు, కుంచె ఎవరి చేతిలో ఉందో కూడా అడగాలి. డక్కలి కథకుడినీ, లలితకళలు చదివే దళిత విద్యార్థినీ ఒకచోట కూర్చోబెట్టే పని విశ్వవిద్యాలయాలు చేయాలి. ఆ పుస్తకం చవక ధరకు బడి గ్రంథాలయం చేరాలి.

పుస్తకం తిరిగిస్తూ మా అమ్మాయి అడిగింది: ‘మన పేట మీద ఇలాంటిది లేదా బాబాయ్?’ లేదని చెప్పడానికి సిగ్గుపడ్డాను.